గాలానికీ అంతస్తులు: ఖరగ్‌పూర్ దారిలో శీలావతి చేప

ఖరగ్‌పూర్ అనగానే దేశానికి రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి, 1072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేవరకు ప్రపంచంలో అంత పొడవైనది మరొకటి లేదు. రెండోది, 1951లో హిజ్లీలో లాంఛనంగా ప్రారంభమైన తొలి ఐఐటీ. తెలుగువారికి మాత్రం ఈ పట్టణం మరో విధంగా దగ్గరిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి రైల్వే కొలువు కోసం వెళ్లినవారి సంతతి నేటికీ అక్కడ తెలుగు మాట్లాడుతూ, తెలుగు పండుగలు చేసుకుంటూ జీవిస్తోంది. ఆ మనుషులు నడిచిన దారిలోనే ఒక చేప కూడా శతాబ్దానికి పైగా ప్రయాణం చేసింది. తెలుగులో శీలావతి, బెంగాలీలో రూయీ, హిందీలో రోహూ. మొదట బెంగాల్ నుంచి ఇతర ప్రాంతాలకు, తరువాత ఆంధ్ర నుంచి బెంగాల్‌కు.

ఈ చేపనూ, దాని బంధువులైన బొచ్చె, ఎర్రమోసులనూ కలిపి కార్ప్ జాతి అంటారు. నీటిలోనూ పళ్లెంలోనూ వీటికి ఎంత విలువ ఉన్నా, గాలపు వేట గ్రంథాల్లో మాత్రం చాలాకాలం కింది మెట్టే దక్కింది. పై మెట్టు మీద ఫ్లై రాడ్ ఉండేది, దానికి చిక్కే చేపలు ఉండేవి. ఏ చేప దొరబాబు గాలానికి తగినది, ఏది కూలివాడి గాలానికి సరిపోయేది అన్న విభజన పైకి వినోదానికి సంబంధించిన చిన్న సంగతిలా కనిపిస్తుంది. దాని చరిత్ర తిరగేస్తే అడుగడుగునా అధికారమే ఎదురవుతుంది.

ఫ్లై రాడ్ మామూలు గాలపు కర్ర కాదు. మన చెరువు గట్ల మీద కనిపించే గాలానికి ఎర ఉంటుంది, బెండు ఉంటుంది, అవసరమైతే సీసపు గుండు ఉంటుంది. ఆ బరువే దారాన్ని నీటిలోకి లాక్కుపోతుంది. ఫ్లై వేటలో ఎరకు బరువే ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, పట్టుదారం చుట్టి కీటకాన్ని పోలిన బొమ్మను కడతారు. బరువంతా దారానిది. వేటగాడు కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతూ దారాన్ని గాలిలో సాగదీసి, బొమ్మ ఈగను నీటి మీద మెత్తగా వాలేట్టు చేయాలి. దీనికి సాధన కావాలి, విశాలమైన ఒడ్డు కావాలి, అన్నిటికీ మించి తీరిక కావాలి. చేప దొరక్కపోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న భరోసా ఉన్నవాడికే ఈ తీరిక సాధ్యం.

ఇంగ్లండులో ఈ తీరికే చేపలకు అంతస్తులు కట్టింది. సాల్మన్, ట్రౌట్‌లు క్రీడకు తగిన చేపలయ్యాయి. తక్కిన మంచినీటి చేపలన్నీ, కార్ప్‌తో సహా, ముతక చేపలయ్యాయి. ఐజాక్ వాల్టన్ 1653లో గాలపు వేట మీద గ్రంథం రాసినప్పుడు కార్ప్‌కు గౌరవస్థానమే ఇచ్చాడు. రెండు శతాబ్దాల తరువాత ఆ గౌరవం మిగల్లేదు. ట్రౌట్ ఏళ్లు భూస్వాముల చేతుల్లోకి పోయాయి. కాలువలు, చెరువులు పారిశ్రామిక పట్టణాల కార్మికులకు మిగిలాయి. ఆ కార్మికులు చౌక రైలు టికెట్ల మీద ఆదివారాలు గాలం వేయడానికి వెళ్లేవారు. ముతక చేపలకు గుడ్లు పెట్టే కాలంలో రక్షణ కల్పించిన 1878 చట్టాన్ని పార్లమెంటులో నడిపించినది ముండెల్లా. ఆయన షెఫీల్డ్ సభ్యుడు. ఉక్కు కార్మికుల పట్టణం షెఫీల్డ్. చేపకు ఓటు లేదు గాని, దాన్ని పట్టేవాడికి ఓటు రావడం మొదలయ్యాకే చట్టం దానివైపు చూసింది.

ఈ అంతస్తుల భావన ఓడెక్కి భారతదేశానికి వచ్చింది. రావడానికి ముందు ఇక్కడి శాస్త్రీయ నమోదు మరోలా ఉంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద ప్రచురించిన గ్రంథంలో రోహూను, కాత్లాను, మృగాల్‌ను, హిమాలయ నదుల మహసీర్‌ను కూడా సిప్రినస్ అనే ఒకే ప్రజాతి కింద చేర్చాడు. రోహిత, కాట్ల, మృగాల అన్న శాస్త్రీయ నామాలు స్థానికుల నోటి నుంచి తీసుకున్నవే. తరువాతి శాస్త్రవేత్తలు వాటిని వేర్వేరు ప్రజాతులుగా విడదీసినా, అన్నీ కార్ప్ వంశానివేనన్న సంగతి మారలేదు. అయినా వేటగాళ్ల లోకంలో మహసీర్ భారతీయ సాల్మన్ అనే బిరుదు పొందింది. రోహూ చెరువు చేపగా మిగిలిపోయింది. కొండ ఏటిలో ఎదురీదే బంధువుకు పట్టాభిషేకం జరిగింది, పల్లపు నీటిలో బతికే బంధువు గడప బయటే నిలబడింది.

ఈ విభజన పుస్తకాల అట్టల మీద కూడా కనిపిస్తుంది. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ప్రచురించిన 'ది రాడ్ ఇన్ ఇండియా' ఆనాటి దొరలకు ప్రామాణిక గ్రంథం. దాని కథానాయకుడు మహసీర్. చెరువు చేపల కోసం ఆయన 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే వేరే పుస్తకం వెలువరించాడు. నదికి ఒక గ్రంథం, చెరువుకు ఒక గ్రంథం. థామస్‌ను తక్కువ చేయడానికి వీల్లేదు. చెరువు చేపను శ్రద్ధగా గమనించి, దానికీ ఒక పుస్తకం రాయాలనుకున్న అధికారి ఆయన. అయితే ఆయన పాఠకులు మాత్రం స్వదేశపు ట్రౌట్ కోసం తహతహలాడుతూనే ఉన్నారు. 1860ల్లోనే నీలగిరులకు ట్రౌట్‌ను తెచ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1900 ప్రాంతంలో కాశ్మీరు నీళ్లలోకి ట్రౌట్ చేరింది. కళ్లెదుట మణుగుల కొద్దీ బరువు తూగే కార్ప్‌లుండగా, గుప్పెడు గుడ్లను మంచులో పెట్టి సముద్రాలు దాటించారు.

ఇందులో మరో వింత ఉంది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో అమెరికా కళాకారులు వెదురును నిలువునా చీల్చి, ఆరు బద్దలను అతికించి ఫ్లై రాడ్లు చేయడం నేర్చారు. ఆ వెదురును వారు కలకత్తా వెదురు అని పిలిచేవారు. కలకత్తా రేవు నుంచి ఎగుమతి కావడమే ఆ పేరుకు కారణం. చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి దాని స్థానం ఆక్రమించేవరకు ఉత్తమమైన రాడ్లకు ఆధారం అదే. అంటే ట్రౌట్ కోసం తయారైన రాజసమైన కర్రకు ముడిసరుకు భారతదేశపు వెదురు పొద నుంచే వెళ్లింది. అదే వెదురు బెంగాల్ పల్లెలో చెరువు గట్టు మీద ఛిప్ అనే పేరుతో రూయీని పట్టేది. కర్ర ఒకటే. పట్టిన చేతిని బట్టి దాని విలువ నిర్ణయమైంది.

ఖరగ్‌పూర్ పుట్టింది సరిగ్గా ఈ మెట్ల లోకంలోనే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1890ల చివరి నాటికి ఇక్కడ జంక్షన్ నెలకొల్పింది. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో కర్మాగారం వచ్చింది. వాల్తేరు నుంచి కటకం వరకు గల తూర్పు కోస్తా మార్గం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చాక తెలుగు జిల్లాలకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య పట్టాలు మాత్రమే మిగిలాయి. దూరం మిగల్లేదు. కంపెనీ తన పట్టణాన్ని హోదాల ప్రకారం గీసింది. ఐరోపా అధికారికి విశాలమైన ఆవరణలో బంగళా, ఆంగ్లో ఇండియన్ డ్రైవరుకు, గార్డుకు మరో తరహా ఇల్లు, భారతీయ గుమాస్తాకు ఇంకొకటి, కార్మికుడికి వరుస గదులు. ఉద్యోగి హోదా, జాతి తెలిస్తే అతడి ఇంటి కొలత చెప్పేయవచ్చు. సెలవు రోజున కర్ర భుజాన వేసుకుని నది ఒడ్డుకు పోయే జీవితం ఒక వర్గానిది. కర్మాగారం సైరను మోతకు కాలాన్ని కొలుచుకునే జీవితం మరో వర్గానిది.

ఈ మెట్లను మొదట ప్రశ్నించినదీ ఆ వరుస గదుల వారే. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పెద్దఎత్తున ఉద్యోగాల తొలగింపుతో లాకౌట్ వచ్చింది. ఆ పోరాటాల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపించినవారిలో ప్రముఖుడు బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం పిలుపు గురించి, కాంగ్రెస్ చీలిక గురించి రాసేవారు ఆ ఎన్నికను ఢిల్లీ కథగానే చెబుతారు. ఆయన రాజకీయానికి పునాది పడిన చోట్లలో ఖరగ్‌పూర్ ఒకటన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది.

చేప విషయంలో చట్టం ఎటు నిలబడిందో కూడా చూడాలి. 1889 నాటి బెంగాల్ ప్రైవేటు మత్స్యక్షేత్రాల రక్షణ చట్టం పరుల నీటిలో అనుమతి లేకుండా చేపలు పట్టడాన్ని నేరం చేసింది. నీటికి యజమాని ఉన్నాడని చెప్పింది. 1897 నాటి భారత మత్స్య చట్టం డైనమైటుతో, విషంతో చేపలను చంపడాన్ని నిషేధించింది. పేలుడుకు రెండు నెలల వరకు జైలు లేదా 200 రూపాయల వరకు జరిమానా. నిషేధం అవసరమైనదే, నేటికీ అవసరమే. కాని డైనమైటు పల్లెకారుల వాడలో పుట్టిన వస్తువు కాదు. 1867లో నోబెల్ పేటెంటు పొందిన ఆ పదార్థం రాళ్లు పగలగొట్టే నిర్మాణ పనులతో పాటు దేశంలోకి వచ్చింది. నేరం ఒడ్డున దొరికినవాడి మీద పడింది, పేలుడు పదార్థం తెచ్చిన వ్యవస్థ మీద పడలేదు.

అంతకన్నా పెద్ద అడ్డంకి నది నడుమ నిలిచి ఉంది. ఖరగ్‌పూర్‌కూ మిద్నాపూర్‌కూ మధ్య కంసావతి నది మీద ఒక ఆనకట్ట ఉంది. స్థానికులు దాన్ని నేటికీ ఆనికట్ అనే పేరుతోనే పిలుస్తారు. దక్షిణాది మాట అంత ఉత్తరానికి చేరడానికి కారణం సర్ ఆర్థర్ కాటన్. గోదావరి ఆనకట్ట ఇచ్చిన ఉత్సాహంతో ఒరిస్సాకు ఆయన 1858లో సూచించిన నీటిపారుదల పథకాన్ని అమలు చేయడానికి ఒక ఇంగ్లీషు కంపెనీ ఏర్పడింది. మిద్నాపూర్ కాలువ ఆ పథకంలో భాగం. కంపెనీ నిలదొక్కుకోలేకపోవడంతో ప్రభుత్వం పనులను స్వాధీనం చేసుకుంది. గోదావరి డెల్టాకు అన్నం పెట్టిన ఆనకట్ట ఉపకారాన్ని తెలుగువారు మరువరు, మరువకూడదు. అదే సమయంలో, నదికి అడ్డంగా కట్టిన గోడ చేప దారిని మూసేస్తుందని ఫ్రాన్సిస్ డే తన 1873 నాటి నివేదికలో ప్రభుత్వాన్ని హెచ్చరించాడు. చేపలకు దారి విడవాలన్న వాదన చాలాకాలం నీటిపారుదల శాఖల దస్త్రాల్లో అడుగునే ఉండిపోయింది.

రోహూ, కాత్లాలకు ఈ దారి ప్రాణసమానం. చెరువులో అవి పెరుగుతాయే గాని సహజంగా గుడ్లు పెట్టవు. వానాకాలపు వరదలో, పారే నీటిలో, గట్టు దాటి పొంగిన మైదానాల అంచుల్లో గుడ్లు పెడతాయి. అందుకే ఎన్నో తరాల పాటు చెరువుల్లో వేయవలసిన చేప విత్తనం బెంగాల్ నదుల్లోనే పట్టేవారు. వాటికి కలకత్తా ప్రధాన విపణి. కుండల్లో నీళ్లు పోసి, పిల్లలను వేసి, రైలెక్కించేవారు. వెంట వెళ్లే మనిషి నీటిలోకి గాలి చేరేందుకు దారి పొడవునా కుండలను కదుపుతూ, అవకాశమున్న చోట నీళ్లు మారుస్తూ ఉండాలి. నిద్రపోతే సరుకు చచ్చిపోతుంది. రైలు ఆ చేపకు కొత్త నది అయింది.

సరిగ్గా అదే కాలంలో సముద్రాల అవతల మరో రైలు మరో కార్ప్‌ను మోసింది. అమెరికా మత్స్య కమిషనుకు అధిపతియైన స్పెన్సర్ బెయిర్డ్ ఐరోపా కార్ప్‌ను పేదవాడి పౌష్టికాహారంగా భావించాడు. 1877లో రుడాల్ఫ్ హెస్సెల్ జర్మనీ నుంచి తెచ్చిన 345 చేపలతో పని మొదలైంది. కొద్ది సంవత్సరాల్లోనే వాటి పిల్లలు ప్రత్యేక రైలు పెట్టెల్లో దేశమంతా వెళ్లాయి. తమ నియోజకవర్గంలో చేపలు పంచిపెట్టించడం కాంగ్రెస్ సభ్యులకు ఓట్లు తెచ్చే పనిగా మారింది. ఉచిత పథకాలు నిన్న మొన్నటివని భావించేవారు ఈ అధ్యాయం చదవాలి. ఒక తరం గడిచేసరికి అవే నోళ్లు ఆ చేపను బురద రేపే పీడగా తిట్టాయి. మరో మూడు తరాలు గడిచాక అమెరికా ఫ్లై వేటగాళ్లే దాన్ని వెతుక్కుంటూ వెళ్లడం మొదలుపెట్టారు. పెద్ద కార్ప్‌ను బొమ్మ ఈగతో పట్టడం ట్రౌట్‌ను పట్టడం కన్నా కష్టమని వారు గ్రహించారు.

కష్టానికి కారణం చేప శరీరంలోనే ఉంది. కార్ప్ వంశపు చేపల్లో గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. అందువల్ల ఒడ్డున పడే అడుగు చప్పుడును అవి పసిగడతాయి. నోటిలో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. ఎరను పెదవులతో పరీక్షించి, నచ్చకపోతే క్షణంలో ఉమ్మేస్తాయి. శీలావతి కింది పెదవికి కుచ్చుల అంచు ఉంటుంది, పాచిని గీకి తినడానికి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకోవడానికి. రెక్కలల్లార్చే కీటకం బొమ్మకు ఇవి ఆశపడవు. పాచి తునకను, రొట్టె ముక్కను పోలిన కుచ్చు కట్టాలి, దాని ముందుకు చప్పుడు లేకుండా చేర్చాలి, ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండాలి. చీమల గుడ్లు, రకరకాల పిండి ఎరలు పెట్టి, ముందుగా నీటిలో మేత చల్లి, గంటల తరబడి బెండు మీద చూపు నిలిపే బెంగాలీ గాలగాడికి ఈ జ్ఞానం తరతరాలుగా ఉంది. టికెట్టు కొని చెరువులో గాలం వేసే ఆచారం బెంగాల్‌లో నేటికీ సాగుతోంది. ఆ జ్ఞానానికి విద్య అన్న గౌరవం దక్కడానికే ఆలస్యమైంది.

ఇక రైలు దిశ మారిన కథ. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి కార్ప్ చేపల చేత నిశ్చల జలంలో గుడ్లు పెట్టించగలిగారు. ఆ తేదీనే దేశం జాతీయ మత్స్యకర్షక దినంగా జరుపుకుంటోంది. విత్తనం కోసం నది వైపు చూడవలసిన అగత్యం తగ్గింది. 1970ల ద్వితీయార్ధం నుంచి కొల్లేరు పరిసరాల్లో చేపల చెరువులు విస్తరించాయి. బొచ్చె, శీలావతి మంచు పెట్టెల్లో లారీలెక్కి నేటి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా, ఖరగ్‌పూర్‌ను దాటుకుంటూ హౌరా విపణికి చేరసాగాయి. బెంగాల్ నుంచి కుండల్లో వెళ్లిన వంశం ఆంధ్ర నుంచి పెట్టెల్లో తిరిగొచ్చింది.

తిరిగొచ్చిన చేపకు కొత్త మెట్టు సిద్ధంగా ఉంది. బెంగాల్ విపణిలో బయటి నుంచి వచ్చిన చేపను చాలానీ అంటారు. ఆంధ్రా రూయీ అంటే ఆ కోవకు చెందినదే. స్థానికంగా బతికుండగా అమ్మే చేపకు ఎక్కువ ధర, ఎక్కువ మర్యాద. ఖరగ్‌పూర్ తెలుగువాడికి ఈ సూత్రం కొత్తది కాదు. నాలుగు తరాలుగా ఉన్నా ఎక్కడివారని అడిగించుకోవడం వలస వచ్చినవారి సంతతికి అలవాటే. అయితే చాలానీ చేప మీద ఫిర్యాదును కేవలం చిన్నచూపుగా కొట్టేయడం కూడా న్యాయం కాదు. మంచులో రోజుల తరబడి ప్రయాణించిన చేప రుచి వేరు. పైగా ఆ చెరువుల కోసం కొల్లేరు సరస్సు ఎంత మూల్యం చెల్లించిందో తెలుగువారికే బాగా తెలుసు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతంలోని చెరువు గట్లను 2006లో ప్రభుత్వమే యంత్రాలతో తవ్వి తొలగించవలసి వచ్చింది. అక్కడ కూడా గట్టు తెగినప్పుడు పెద్ద రైతు నష్టమూ, కూలి నష్టమూ ఒకే త్రాసులో తూగలేదు.

ఇప్పుడు భారతదేశంలోనూ ఫ్లై రాడ్ పట్టే కొత్త మధ్యతరగతి తయారవుతోంది. పట్టి వదిలేయడం వారి నీతి. మహసీర్‌ను కాపాడాలన్న పిలుపులో వారి గొంతు గట్టిగా వినిపిస్తుంది. 2018లో కావేరి మూపురపు మహసీర్ అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాకెక్కినప్పుడు దానికి వార్తాపత్రికల్లో చోటు దక్కింది. పారే నదిలో పుట్టి, పారే నదిలో పెరిగే శీలావతికి అటువంటి పక్షవాదులు తక్కువ. చెరువుల్లో లక్షల టన్నులు పండుతున్నప్పుడు దానికేం లోటన్న భావన సహజమే. కాని హేచరీల్లో తరం తరువాత తరం ఒకే మూలం నుంచి పెంచుకుంటూ పోతే వంశం బలహీనపడుతుంది. బలం మళ్లీ తెచ్చుకోవలసింది నది నుంచే. 1997లో విడుదలైన జయంతి రోహూ అనే మేలుజాతిని రూపొందించినప్పుడు కూడా శాస్త్రవేత్తలు వేర్వేరు నదుల రోహూలను సేకరించే పని మొదలుపెట్టారు. నది ఎండితే ఆ బొక్కసం ఖాళీ.

హిజ్లీలో 1931 సెప్టెంబరు 16న నిర్బంధితుల మీద కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించిన ఆవరణ ఆ తరువాత ఐఐటీ అయింది. నేడు అక్కడ మత్స్యసాగు ఇంజనీరింగ్ ఒక పాఠ్యవిభాగం. చెరువు నీటికి ప్రాణవాయువు ఎలా అందించాలన్నది అక్కడి పరిశోధనాంశాల్లో ఒకటి. కుండను కదుపుతూ రైలులో నిద్ర మానుకున్న మనిషి చేసినదీ ఆ పనే. ఆ ఇద్దరి శ్రమ ఫలించాలంటే ఊరి పక్క కంసావతిలో వానాకాలం వరద రావాలి, ఆనకట్ట దగ్గర చేప పైకెక్కే దారి ఉండాలి, ఒడ్డున వల పట్టినవాడికీ గాలం పట్టినవాడికీ ఆ నీటి మీద మాట చెప్పే హక్కు ఉండాలి. మత్స్యశాఖల బడ్జెట్లు చెరువులనే లెక్కబెట్టినంత కాలం ఈ మూడింటిలో దేన్నీ అడిగేవారుండరు. అడగవలసిన చోటు చట్టసభ. 1878లో షెఫీల్డ్ కార్మికులు తమ ముతక చేపల కోసం వెళ్లినదీ అక్కడికే.